కొలవని కాలు

సోఫా మెత్తగా ఉందంటేనే నాకు అనుమానం. ముప్పయ్యేళ్లుగా విజయనగరంలో ఒక ఆసుపత్రి వెనక రేకుల షెడ్డులో పెట్టుడు కాళ్లు, ఎత్తు చెప్పులు తయారుచేస్తున్నవాణ్ణి. వైద్యం చేసే చోట బల్ల గట్టిగా ఉండాలి, గోడకి సున్నం రాలాలి, నర్సమ్మ ఒక్కసారైనా కసరాలి. అవేవీ లేకుండా, భీమిలి దారిలో సముద్రానికి ఎదురుగా అద్దాల మేడ కట్టి, రాగానే ఏలకుల టీ ఇచ్చి, వైద్యం ఉచితమని నవ్వుతూ చెబితే నేను ముందు బయటికి పోయే తలుపు ఎక్కడుందో చూసుకుంటాను.

మా చెల్లెలు ఆదిలక్ష్మి మాత్రం ఆ సోఫాలో దేవుడి ముందు కూర్చున్నట్టు కూర్చుంది. దాని పక్కన ఎనిమిదేళ్ల కూతురు ఝాన్సీ, నాకు మేనకోడలు. బిస్కట్లు మూడు తినేసి నాలుగోదాని వైపు చూస్తోంది.

ఝాన్సీకి ఎడమ మోకాలి కింద పుట్టుకతోనే ఒక ఎముక లేదు. మోకాలి నుంచి మడమ దాకా అందరికీ రెండెముకలుంటాయి. లావుది ఒకటి, దాని పక్కన సన్నది ఒకటి. మా పిల్లకి ఆ సన్నది రాలేదు. తోడు లేని లావెముక వంగిపోయి, పొట్టిగా ఉండిపోయింది. పాదానికి మూడే వేళ్లు. తెలివి మాత్రం ఇద్దరికి సరిపడా ఉంది.

మా పనిలో పొట్టితనాన్ని చెక్కల్లో చెబుతాం. పిల్లని నిలబెట్టి, పొట్టి కాలి కింద అరసెంటీమీటరు మందం చెక్కముక్కలు ఒక్కొక్కటే పేరుస్తాం. వెనక నుంచి రెండు బొటనవేళ్లూ నడుం ఎముకల మీద ఆనించి చూస్తాం. రెండూ ఒకే ఎత్తుకి రాగానే ఆపి, చెక్కలు లెక్కపెడతాం. పెద్ద డాక్టరైనా నాలాంటి మేస్త్రీ అయినా మొదట అడిగేది "ఎన్ని చెక్కలు?" అనే. ఝాన్సీది పది.

పిల్లకి ఏడాది వయసప్పుడే మా ఎముకల డాక్టరుగారు విషయం చెప్పేశారు. పాదం తీసేసి పెట్టుడు కాలు పెడితే పరిగెడుతుంది. లేదంటే కాలి చుట్టూ ఇనప చట్రం బిగించి, ఏళ్ల తరబడి ఎముకని కొంచెం కొంచెం సాగదీయాలి, అదీ ఎంతవరకు వస్తుందో చెప్పలేం అన్నారు. నేను మొదటిదే మంచిదన్నాను. పాదం తీసేస్తారన్న మాట చెవిన పడగానే ఆదిలక్ష్మి పిల్లని చంకనేసుకుని బయటికి నడిచింది. అప్పటినుంచీ నేను చేసిచ్చే ఎత్తు చెప్పుతోనే నెట్టుకొచ్చింది.

దానికి లోపల ఇంకో పుండు ఉంది. కడుపుతో ఉన్నప్పుడు గ్రహణం నాడు కదలకుండా పడుకోక వంకాయ కోసిందని దాని అత్త ఊరంతా చెప్పింది. కొయ్యలేదని ఇది ఒట్లు పెట్టినా ఎవరూ నమ్మలేదు. మొగుడు చెన్నైలో భవనాల పనికి పోయి, ఇప్పటికీ ఫోన్లో మాటా మాటా వస్తే ఆ వంకాయ దగ్గరికే వస్తాడు.

డాక్టర్ చిత్రలేఖ లోపలి నుంచి వచ్చింది. నలభై దాటని మనిషి. కుర్చీలో కూర్చోకుండా నేల మీద కూలబడి, ఝాన్సీ పొట్టి కాలుని తన ఒళ్లోకి తీసుకుంది.

"ఇది ఎప్పుడు జరిగిందో తెలుసా? నువ్వు అమ్మ కడుపులో ఏడోవారంలో ఉన్నప్పుడు. అప్పుడు నువ్వు చిక్కుడు గింజంత ఉంటావు. ఇక్కడ ఎముక కట్టమని ఒక కబురు రావాలి. బయల్దేరింది కానీ అందలేదు. అంతే."

ఆదిలక్ష్మి ముందుకి వంగి అడిగింది. "గ్రేణానికి కాదా అమ్మా?"

"గ్రహణానికి కాదు. మీ వల్లా కాదు. ఎవరి తప్పూ లేదమ్మా."

ఆదిలక్ష్మి కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. ఎనిమిదేళ్ల ఏడుపు అది. ఆ ఒక్కమాటకే పిల్లని ఆవిడ చేతిలో పెట్టేసింది. నాకు మాత్రం మొదటి ఐదు నిమిషాల్లో మనిషిని ఏడిపించగల డాక్టరంటే ఇంకో రెండు పాళ్లు అనుమానం పెరిగింది.

మందు పేరు మొలక. కడుపులో అందకుండా పోయిన కబురునే ఇప్పుడు మళ్లీ పంపుతారట. మూడు నెలలకోసారి మోకాలి కింద ఒక సూది. ఆవిడ ఎక్స్‌రేలు వెలుగుబల్ల మీద పెట్టి చూపించింది. ఒక పిల్లాడి కాలిలో మొదట ఖాళీ, తర్వాత దారప్పోగంత గీత, ఆ తర్వాత అగ్గిపుల్లంత ఎముక.

"కబురు సరేనండి," అన్నాను. "ఎముక కట్టడానికి సరుకు ఎక్కణ్ణించొస్తుంది?"

"శరీరమే చూసుకుంటుంది గౌరినాయుడుగారూ."

ఆ మాట నాకు నచ్చలేదు. అదే చూసుకుంటుందిలెండి అనే తాపీమేస్త్రీలని చాలామందిని చూశాను. కానీ అప్పటికే ఆదిలక్ష్మి కాగితాల మీద సంతకం పెడుతోంది.

*

ఆ ఏడాదిన్నరలో నేను అనుమానించనిది లేదు. సూది గదిలోకి నన్ను రానివ్వకపోతే లోపల రక్తం తీసి అమ్ముకుంటున్నారనుకున్నాను. ఝాన్సీ బుగ్గలు కొంచెం ఉబ్బితే స్టెరాయిడ్ కలిపారనుకున్నాను, తీరా చూస్తే పన్ను నొప్పి. ఒకసారి చెత్తడబ్బాలోంచి ఖాళీ మందుసీసా తీసి జేబులో వేసుకుంటూ ఆయమ్మకి దొరికిపోయాను. చిత్రలేఖ కోప్పడలేదు. "అడిగితే నేనే ఇచ్చేదాన్ని కదండీ," అని ఇంకో సీసా తెచ్చి చేతిలో పెట్టింది. అప్పుడు ఇంకా అనుమానం వచ్చింది.

చెక్కలు మాత్రం తగ్గుతూ వచ్చాయి. పది ఎనిమిదయ్యాయి. ఎనిమిది ఆరయ్యాయి. ప్రతిసారీ మా షెడ్డులోనే ఝాన్సీని నిలబెట్టి నా చేత్తో నేనే కొలిచేవాణ్ణి, వాళ్ల కొలతని నమ్మక. నా చెక్కలూ వాళ్ల కంప్యూటరూ ఒకే మాట చెప్పాయి. ఆరోసూది అయ్యేసరికి రెండే చెక్కలు. నా అనుమానాలన్నీ అప్పటికి సిగ్గుపడి మూల కూర్చున్నాయి.

ఆదిలక్ష్మి తను పనిచేసే జనపనార మిల్లులో తన షిఫ్టువాళ్లందరికీ లడ్లు పంచింది. అత్తకి ఫోన్ చేసి, ఎక్కువేమీ అనకుండా, "నా పిల్ల తిన్నగా నిలబడ్డాదత్తా," అని పెట్టేసింది. ఆ రోజంతా దాని ముఖం చూడాలి. ఝాన్సీ అయితే వీధిలో తొక్కుడుబిళ్లకి దిగింది. అంతకుముందూ ఆడేది, కుడికాలి మీదే గెంతుతూ. ఆ కాలు ఎంత గట్టిదంటే వీధిలో పెద్దపిల్లలు కూడా దాని చేతిలో ఓడిపోయేవారు. ఇప్పుడు ఎడమకాలి మీద గెంతి చూపిస్తానని పందెం కాసి, రెండు గడులు దాటి పడింది. మోకాలు చెక్కుకుపోయినా నవ్వుతూనే లేచింది. నేనూ లడ్డూ తిన్నాను, రెండు.

ఏడోసూది ఇంకో నెలలో ఉందనగా, ఎడమ చెప్పు ఎత్తు తగ్గించాలని ఝాన్సీని షెడ్డుకి రమ్మన్నాను. పిల్ల చెప్పులు రెండూ విప్పి బల్ల మీద పెట్టింది.

"మావా, ఎడందొక్కటే సెయ్యి. అదే ఇరుకైపోనాది. కుడిది బాగానే ఉంది," అంది.

"సర్లే" అని పని మొదలెట్టాను. తోలు కోస్తూ కోస్తూ నా చెయ్యి ఆగిపోయింది. ముప్పయ్యేళ్లలో తొమ్మిదిన్నరేళ్ల పిల్ల ఎవరూ నాతో ఆ మాట అనలేదు. ఎదిగే పిల్లల చెప్పులు రెండూ ఆరునెలలకి ఇరుకవుతాయి. ఎడమదాని ఎత్తు మారుతోంది కదా అని నేను ప్రతిసారీ జత కొత్తగా చేస్తూ వచ్చాను, అందుకే నా బుర్రకి తట్టలేదు.

మా షెడ్డులో ఒక పద్ధతుంది. కాలు బాగోని మనిషికి ఏది తయారుచెయ్యాలన్నా ముందు బాగున్న కాలుని ఖాకీ కాగితం మీద పెట్టి, మోకాలి నుంచి మడమ దాకా, పాదం చుట్టూ పెన్సిలుతో గీసుకుంటాం. దాన్ని తిరగేసి రెండోదానికి వాడతాం. పని అయ్యాక కాగితం చుట్టి అటక మీద పడేస్తాం. ఝాన్సీవి దింపాను. వైద్యానికి ముందు ఏడాదివి మూడు కాగితాలు, వైద్యం మొదలయ్యాకవి మూడు. ఆ రోజుది ఇంకొకటి గీశాను.

ముందు మూడింటినీ ఒకదాని మీద ఒకటి పెట్టి కిటికీ వెలుగుకి పట్టుకున్నాను. గీతకీ గీతకీ మధ్య వేలు వెడల్పు సందుంది. తర్వాతి నాలుగూ పట్టుకున్నాను. నాలుగు గీతలూ కలిసి ఒక్క గీతలా కనిపించాయి.

టేపు తీసి ఝాన్సీ కుడి మోకాలి నుంచి మడమ దాకా కొలిచాను. మళ్లీ కొలిచాను. ఏడాదిన్నర కిందటి కొలతే.

"ఏటైనాది మావా? అలగ సూస్తావేటి?" అంది ఝాన్సీ.

"ఏటీ నేదు తల్లీ," అన్నాను. రక్తం దగ్గర్నించి స్టెరాయిడ్ దాకా అన్నిటినీ అనుమానించినవాణ్ణి, ఆ పిల్లకి బాగున్న కాలుని ఒక్కసారి అనుమానించలేదు.

*

మర్నాడు కాగితాల చుట్ట చంకలో పెట్టుకుని ఒక్కణ్ణే బస్సెక్కాను. చిత్రలేఖ వాటిని వెలుగుబల్ల మీద పరిచి చాలాసేపు చూసింది.

"మీరు కుడికాలిని కొలవరా?" అడిగాను.

"కొలవం," అంది. "ఎక్స్‌రేలో బొమ్మ ఒకసారి పెద్దదిగా, ఒకసారి చిన్నదిగా పడుతుంది. అందుకని బాగున్న కాలినే కొలబద్దగా పెట్టుకుని, రెండోది దానికి ఎంత దగ్గరికొచ్చిందో లెక్కేస్తాం. కంప్యూటరు తేడా ఒక్కటే ఇస్తుంది."

"పిల్ల పొడుగైనా చూస్తారు కదా?"

"చూస్తాం. పెరుగుతూనే ఉంది. తొడలు, వెన్ను పెరుగుతున్నాయి కాబట్టి. అందుకే ఎవరికీ..." ఆగిపోయింది.

ఆవిణ్ణి తిట్టడానికే వెళ్లాను. కానీ ఏమని తిట్టను? నా చెక్కలు కూడా చెప్పింది తేడానే. పొట్టి కాలు పెరిగినా తేడా తగ్గుతుంది, పొడుగు కాలు ఆగిపోయినా తగ్గుతుంది. ఈ చిన్న సంగతి ఐదో తరగతి పిల్లకి తెలుస్తుంది. మా ఇద్దరికీ తెలియలేదు.

"ఎడమకాలికి పంపిన కబురు ఒళ్లంతా వినిపించి ఉంటుంది," అంది ఆవిడ మెల్లగా. "కుడికాలిని పెంచాల్సిన కణాలు కూడా ఎడమవైపు పనికి పోయుంటాయి. అక్కడ కట్టిన ఎముకలో సగం కుడిదాని వాటా."

నేను ఆవిడ ముఖమే చూస్తున్నాను. ఆవిడ ఆశ్చర్యపోవాల్సినంత ఆశ్చర్యపోలేదు. "మీకిది ఇప్పుడే తెలిసిందా అమ్మా?"

ఆవిడ వెలుగుబల్ల ఆర్పేసింది. "నాలుగు నెలల కింద ఒక బాబు కుడి మోకాలి దగ్గర, ఎముక పెరిగే చోట ఉండే ఎదుగుదల గీత పల్చబడ్డట్టు కనిపించింది. కొలుద్దామనుకున్నాను. కొలిస్తే తెలిసిపోతుందని కొలవలేదు."

అంత పచ్చిగా తప్పు ఒప్పుకున్న డాక్టరుని నేను ఎప్పుడూ చూళ్లేదు. అయినా కోపం ఆగలేదు. "ఆ తర్వాత కూడా మా పిల్లకి సూదేశారు," అన్నాను.

"వేశాను," అంది.

మొలక వేయించుకుంటున్న పదకొండుమంది పిల్లల ఎక్స్‌రేలు బయటికి తీయించింది. ఆ సాయంత్రం దాకా ఆవిడ అదే బొమ్మలోని తొడ ఎముకతో పోల్చి కుడికాళ్లు కొలుస్తుంటే నేను రాశాను. ఎనిమిదిమందివి ఆగిపోయాయి. మిగతా ముగ్గురివి నెమ్మదించాయి. చివరికి ఆవిడ పెన్ను కింద పెట్టి, ఝాన్సీ సంగతి విడిగా చెప్పింది. మందు ఆపితే ఎడమకాలు ఇంక పెరగదు. కుడిది మళ్లీ అందుకుంటే తేడా తిరిగి పెరుగుతుంది, పెద్దయ్యేసరికి పన్నెండు చెక్కలో పద్నాలుగో అవుతుంది, అప్పుడు మా ఎముకల డాక్టరుగారి మాటే గతి. మందు కొనసాగిస్తే రెండు కాళ్లూ సమానమవుతాయి, కానీ కుడిదాని ఎదుగుదల గీత మూసుకుపోతుంది. మోకాళ్ల కింద తొమ్మిదేళ్ల పిల్ల కాళ్లతోనే జీవితమంతా నడవాలి.

"అక్కడితో ఆగుతుందా?" అడిగాను.

"ఒక పాపకి చెయ్యి కూడా కొంచెం నెమ్మదించినట్టుంది," అంది.

*

ఆదిలక్ష్మి పగటి షిఫ్టు దిగి ఇంటికొచ్చేసరికి గుమ్మంలో కూర్చున్నాను. ఝాన్సీ ఇంకా బడి నుంచి రాలేదు. అంతా చెప్పాను. అది చెంబుతో కాళ్లు కడుక్కుంటూ విన్నది. చెంబు కింద పెట్టి నా వైపు చూసింది, దాని అత్త, ఆడపడుచులు దాన్ని చూసిన చూపు అది.

"ఇన్నాళ్లకి నా బిడ్డ తిన్నగా నిలబడ్డాది. అది కనపడ్నేదు గాని కుడికాలు పెరగనేదని కనపడ్డాదా నీకు?"

"లచ్చిమీ, ఆ డాక్టరమ్మే ఒప్పుకున్నాది..."

"నువ్వెల్లి ఒప్పించినావు. మొదట్నించీ నీకది గిట్నేదు. సీసాలు దొంగిలించినావు, నాకు తెల్దనుకున్నావా? పిల్లలందరికీ కాళ్లు మొలుసుకొచ్చీస్తే నీ సెడ్డుకి ఎవులొస్తారు? ఆ దడుపు నీకు."

"నా మేనకోడలు కాదేటి అది?"

"అయితే దాని మీద ఒట్టేసి సెప్పన్నియ్యా. నీకా దడుపు ఎప్పుడూ నేదని సెప్పు."

నోరు తెరిచాను. ఒట్టు రాలేదు. ఆరో చెక్క తీసేసిన రోజు రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ముప్పయ్యేళ్లుగా చేసిన పని ఇంక ఎవరికీ అక్కర్లేదేమో అనిపించింది. ఆ సంగతి నేను ఎవరికీ చెప్పలేదు. మా చెల్లెలు మాత్రం పట్టేసింది.

"సూసినావా," అంది ఆదిలక్ష్మి. లోపలికి పోయి తలుపేసుకుంది.

*

ఏడోసూది రోజున నన్ను రమ్మనలేదు. అయినా వెళ్లాను. బస్సులో అది ముందు సీట్లో, నేను వెనక సీట్లో. ఝాన్సీ మా ఇద్దరి మధ్యా అటూ ఇటూ తిరిగింది.

చిత్రలేఖ ఈసారి సూది గదిలోకి నన్ను కూడా పిలిచింది. బల్ల మీద ఝాన్సీ, పక్కన గిన్నెలో మందు. ఈ మందు పరీక్షని నడిపే పై కమిటీకి అంతా రాశానంది. వాళ్లు ఆలోచించి చెబుతామన్నారట, ఈలోగా తెలిసి కూడా కావాలన్నవాళ్లకి వేస్తూ ఉండమన్నారట. ఆరుగురు వేయించుకున్నారు. ఆ కమిటీ మీద అనుమానం నాకు ఈ జన్మకి పోదు.

"నాకు తెలిసే కావాలి," అంది ఆదిలక్ష్మి. "పొట్టోళ్లు బతకట్నేదేటి? రెండూ సమానంగా ఉంటే సాలు. ఎవులూ నవ్వరు. ఎవులూ ఏటీ అడగరు."

చిత్రలేఖ పిల్ల వైపు తిరిగింది. "నీ కాళ్లు కాబట్టి నీకూ చెప్పాలి," అని, నాకు చెప్పిందంతా చిన్న మాటల్లో దానికి చెప్పింది. ఏదీ దాచలేదు, తను కొలవకుండా ఊరుకున్న సంగతి కూడా.

ఝాన్సీ కుడికాలి పిక్క మీద చెయ్యేసుకుని విన్నది. "మందు ఆపీస్తే ఇది మళ్లీ పెరుగుద్దా డాక్టరమ్మా?"

"తెలీదమ్మా," అంది చిత్రలేఖ.

ఏడాదిన్నరలో ఆవిడ నోట ఆ మాట నేను మొదటిసారి విన్నాను. ఆవిడ మీద నాకున్న అనుమానం ఆ క్షణంలో పోయింది.

"ఇన్నాళ్లూ నన్ను మోసినాది ఇదొక్కత్తే," అంది ఝాన్సీ. "దీని కూడు లాగీసి దానికెడతారేటి? ఇదేటి సేసింది పాపం? నాకొద్దు."

"నోరుముయ్యే. నీకేటి తెల్సు?" ఆదిలక్ష్మి చెయ్యెత్తింది. కొట్టలేక ఆ చేత్తోనే పిల్ల భుజం పట్టుకుని ఊపింది. "మళ్లీ కుంటుతావే. కాలు కోసేస్తారే. నా మాట ఇనవే తల్లీ."

"కుంటితే కుంటుతాను. ముందు కుంటనేదేటి?"

పాప వద్దన్నాక వెయ్యనని చిత్రలేఖ గిన్నె మూసేసింది. ఝాన్సీ బల్ల దిగి మా చెల్లెలి నడుం పట్టుకుంది. ఆదిలక్ష్మి దాని తల మీదుగా నన్నే చూస్తూ అడిగింది. "ఇప్పుడు సంతోసంగా ఉందా అన్నియ్యా?"

నిజం చెప్పాలి కాబట్టి చెబుతున్నాను. లోపల వెతుక్కుంటే, పిల్ల గురించిన దిగులు కింద, ఆవగింజంత సంతోషం ఉంది. నా చేతుల పనికి మళ్లీ ఒక మనిషి మిగిలిందన్న సంతోషం. దాన్ని చూసి నా మీద నాకే అసహ్యం వేసింది. బయటికొచ్చేశాను.

*

మూడు నెలలు ఆదిలక్ష్మి నాతో మాట్లాడలేదు. కానీ ఆదివారం ఆదివారం పిల్లని షెడ్డుకి పంపడం మాత్రం మానలేదు. టేపు పెట్టి కుడికాలు కొలిచేవాణ్ణి. వారం తర్వాత వారం అదే అంకె. పిల్ల "ఎంత మావా?" అనేది. "సూద్దాం," అనేవాణ్ణి. చిత్రలేఖ ప్రతి ఆదివారం ఫోన్ చేసి అడిగేది. ఆవిడ ఉద్యోగం అప్పటికి ఊడగొట్టారు. ఊడగొట్టినవాళ్లు మాత్రం మందు ఇంకా ఆపలేదు.

పన్నెండో ఆదివారం అంకె జరిగింది. నమ్మలేదు. కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ పెట్టాను. పిల్లని పడుకోబెట్టి కొలిచాను, నిలబెట్టి కొలిచాను. రెండు మిల్లీమీటర్లు. ఆ ఆదివారం ఆదిలక్ష్మికి మిల్లులో పని ఉంది. ఝాన్సీని అక్కడే వదిలేసి, ఈ వయసులో సైకిలు తొక్కుకుంటూ మిల్లు గేటు దాకా పోయి దాన్ని పిలిపించాను. తల నిండా జనపనార నూగుతో వచ్చింది.

"రెండు మిల్లీమీటర్లు పెరిగినాదే లచ్చిమీ," అన్నాను రొప్పుతూ.

"ఏ కాలు?"

"కుడిదే."

"అయితే తేడా అంత పెరిగినట్టే కదన్నియ్యా," అంది.

అవును. నేను సైకిలు తొక్కుకుంటూ తెచ్చిన శుభవార్త అదే.

"నీ కొలత నాను నమ్మను," అంది. మిల్లు మేస్త్రీతో చెప్పి, కొంగు నడుంకి దోపి, నాతోపాటు నడుచుకుంటూ షెడ్డుకొచ్చింది. టేపు నా చేతిలోంచి లాక్కుంది. ఎలా పట్టుకోవాలో చెప్పబోతే "నువ్వు దూరంగా నిలబడు," అంది. ఝాన్సీ చక్కిలిగింతలకి మెలికలు తిరిగిపోతుంటే తొడ మీద ఒక్కటిచ్చి, మూడుసార్లు కొలిచింది. మూడుసార్లూ రెండు మిల్లీమీటర్లే.

టేపు ఒళ్లో పడేసుకుని, పిల్ల కుడిపిక్కని రెండు చేతుల్తో పట్టుకుంది. "ఏడాదిన్నర పస్తుంచీసినాను దీన్ని," అంది. అక్కడే నేల మీద కూర్చుని, ఎవరున్నారో లేరో చూసుకోకుండా ఏడ్చింది. ఝాన్సీ తల్లి తలలోంచి జనపనార ఒక్కో పోగూ ఏరుతూ కూర్చుంది. నేను దూరంగానే నిలబడ్డాను.

చాలాసేపటికి ఆదిలక్ష్మి ముక్కు తుడుచుకుని లేచింది.

"ఎప్పటికైనా ఆ పాదం తియ్యాలంటావా?"

"తియ్యాల్సొస్తాది," అన్నాను. "ఇప్పుడే కాదు. పన్నెండో ఏడో, పదమూడో."

"నీ మీద అనుమానం నాకు పోనేదన్నియ్యా. సచ్చినా పోదు."

"పోనక్కర్నేదు."

"ఆ కాలు మాత్రం నువ్వే సెయ్యాల," అంది. "ఇంకెవులు సేసినా నాను నమ్మను."